రెండు కుంపట్లు

మా పాప స్కూలు అడ్మిషన్ ఫారం మూడు రాత్రులుగా నా ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉంది. పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూపు, టీకాలు, అన్నీ నింపాను. ‘మతం’ అన్న గడి దగ్గర ఆగిపోయాను. పక్కన ఎర్ర చుక్క ఉంది. అంటే నింపకపోతే ముందుకు పోనివ్వదు. ఇలాంటి గడులకి ఎర్ర చుక్కలు పెట్టడమే నా ఉద్యోగం. పెట్టేటప్పుడు ఎవరో ఒకరు దాని ముందు ఇలా మూడు రాత్రులు కూర్చుంటారని ఎప్పుడూ అనుకోలేదు.

మాది ఏన్కూరు. ఖమ్మం నుంచి తల్లాడ మీదుగా కొత్తగూడెం పోయే బస్సెక్కితే దారిలో వస్తుంది. అటూ ఇటూ మిరప చేలు, పత్తి చేలు. ఇంకాస్త ముందుకి పోతే జూలూరుపాడు, అడవి. నేను పుట్టింది మాలవాడలో. మా వాడలో మనిషికి రెండు పేర్లు. చర్చి పేరు ఒకటి, బడి పేరు ఒకటి. చర్చిలో మరియమ్మ అయిన మనిషి రేషన్ కార్డులో మంగమ్మ. ఇంట్లో యాకోబు బడికి పోగానే వెంకటేశ్వర్లు. మా నాన్నకీ రెండు, నాకూ రెండు. చిన్నప్పుడు అందరికీ ఇలాగే ఉంటాయనుకునేవాణ్ణి, చొక్కాల్లాగా ఇంట్లోకి ఒకటి, బయటికి ఒకటి. పదో తరగతి హాల్ టికెట్ వచ్చినప్పుడు గానీ తట్టలేదు, అమ్మ నన్ను పిలిచే పేరు ఒక్క బాప్తిస్మం రిజిస్టర్లో తప్ప ఇంకే కాగితంలోనూ లేదని. మా భాషలో చెప్పాలంటే ఒకే మనిషికి రెండు రికార్డులు. ఆ రెండూ ఎక్కడా ఎదురుపడకుండా చూసుకోవడమే మా అమ్మానాన్నల సగం జీవితం.

నా తెలుగు సంగతి కూడా చెప్పాలి. నేను రాసే పుస్తక సమీక్షలు చదివి, ఇంజనీరింగ్ చదివినవాడికి ఈ గ్రాంథికం ఎక్కడ అబ్బిందని ఒకరిద్దరు అడిగారు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. నిజానికి అది మా నాయనమ్మ దగ్గర అబ్బింది. ఆమెకి అక్షరం ముక్క రాదు. మిరపకాయలు కోసి వచ్చిన సాయంత్రాలు చేతుల మంట తగ్గడానికి నీళ్ల బకెట్లో చేతులు పెట్టుకుని గడప పక్కన కూర్చునేది. “చదువు బిడ్డా” అనేది. నేను బైబిల్ తీసేవాణ్ణి. చేయుచున్నాను, పోవుదును, ఏలయనగా. ఈ మాటలు నా నోట్లో అన్నంతో పాటు నలిగాయి. మొత్తం బైబిల్ తెలుగులోకి వచ్చింది 1850ల్లో. తర్వాత సవరణలు జరిగాయి గానీ ఆ భాష తీరు పెద్దగా మారలేదు. గిడుగు రామమూర్తి మొదలుపెట్టిన ఉద్యమం పత్రికల్ని మార్చింది, పాఠ్యపుస్తకాల్ని మార్చింది, మా చర్చి గుమ్మం దగ్గర మాత్రం ఆగింది. తరతరాలుగా చదువుకి దూరంగా ఉంచిన వాడలో, బయట అందరూ వదిలేసిన పండితుల భాష బతికి ఉండటం తమాషాగా అనిపిస్తుంది.

ఏడో తరగతిలో తెలుగు మాస్టారు నా వ్యాసం క్లాసులో చదివి వినిపించి, “ఇంత తెలుగు ఎక్కడ నేర్చుకున్నావురా?” అని అడిగారు. మెచ్చుకోలుగానే అడిగారు. “చందమామ చదువుతాను సార్” అన్నాను. మా ఇంట్లో చందమామ ఎప్పుడూ లేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, అబద్ధం చెప్పమని ఎవరూ నేర్పలేదు. నోటికి అదే వచ్చింది.

అప్పటికే నాకు పేతురు కథ కంఠతా వచ్చు. యేసుని పట్టుకుపోయిన రాత్రి ప్రధాన యాజకుడి ముంగిట్లో చలి కాచుకుంటూ నిలబడ్డ పేతురుని, నువ్వూ ఆయన మనిషివే కదా అని అడుగుతారు. కాదంటాడు. మళ్లీ అడుగుతారు, మళ్లీ కాదంటాడు. మూడోసారి కోడి కూస్తుంది. మత్తయి ఇందులో ఒక చిన్న సంగతి చేర్చాడు. పేతురుని పట్టిచ్చింది అతని యాస. గలిలయవాడి మాట యెరూషలేములో దాగదు. ఈ ముక్క మిగతా ప్రపంచానికి ఎలా అర్థమవుతుందో గానీ, తెలుగు క్రైస్తవుడికి వెంటనే తెలిసిపోతుంది. మేమూ మాటతోనే దొరికిపోతాం. ‘సాక్ష్యం’ అన్న మాట కోర్టుతో సంబంధం లేకుండా వాడితే, ‘కృప’ అని పలికితే, ఫోన్ ఎత్తగానే ‘వందనాలు’ అంటే చాలు. ఆఫీసులో మా ఊరి పాస్టర్ గారు ఫోన్ చేస్తే లేచి మెట్ల దగ్గరికి పోతాను. ఆయన వందనాలంటే నేను “చెప్పండి” అంటాను. పదకొండేళ్లుగా అంతే. పేతురు మూడుసార్లతో ఆపాడు. నేను లెక్క పెట్టడం మానేశాను.

వీటన్నిటిలో ఒకటి మాత్రం చిన్నది కాదు. 2007లో ఎంసెట్ కౌన్సెలింగ్‌కి నాన్నా నేనూ పోయాం. సర్టిఫికెట్లు చూసే బల్ల వెనకాయన నా కుల ధ్రువపత్రం తిరగేసి, తల ఎత్తకుండానే “కన్వర్టెడా?” అన్నాడు. “కాదు సార్” అన్నాను. ఆ కాగితం మీద హిందూ మాల అని ఉంది. నా పక్కన నిలబడింది ఆదివారం సంఘంలో కానుకల సంచి పట్టే మనిషి. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. స్టాంపు పడింది. బయటికొచ్చాక నాన్న టీ తాగించాడు, సమోసా కూడా తినమన్నాడు. బస్సు ఏన్కూరు చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ సీటుతోనే ఇంజనీరునయ్యాను. ఈ ల్యాప్‌టాపూ, ఈ ఫ్లాటూ, పాపని చేర్పిద్దామనుకుంటున్న ఈ స్కూలూ ఆ స్టాంపు కిందివే.

ఆ ప్రశ్న ఆ బల్ల దగ్గరికి ఎలా వచ్చిందో తెలియని వాళ్లుంటారు కాబట్టి చెప్తాను. ఎస్సీలు ఎవరో చెప్పే రాష్ట్రపతి ఉత్తర్వు 1950 ఆగస్టులో వచ్చింది. అందులో మూడో పేరా, హిందూ మతం కాని మతంలో ఉన్నవాళ్లని ఎస్సీలుగా లెక్కించకూడదంటుంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని లోపలికి తీసుకున్నారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లూ వాళ్ల పిల్లలూ బీసీ-సి కిందికి వస్తారు. దాని వాటా ఒక శాతం. ఎస్టీల ఉత్తర్వులో ఇలాంటి పేరా లేదు. ఏన్కూరు ఉన్న వైరా నియోజకవర్గం ఎస్టీలకి రిజర్వు అయిన సీటు, చుట్టుపక్కల కోయ గూడేలు, లంబాడీ తండాలు ఉన్న చోటు. మా చర్చిలో నా పక్కన కూర్చునే కోయ మిత్రుడు తన ధ్రువపత్రం గురించి ఒక్కరోజు కూడా గొంతు తగ్గించలేదు. తగ్గించాల్సిన అవసరం లేదు. ఇద్దరం ఒకే చాప మీద మోకరించాం, ఒకే గిన్నెలోంచి ప్రభురాత్రి భోజనం తీసుకున్నాం. బయటికొస్తే అతను చర్చికి పోయే కోయ, నేను చర్చికి పోతే మాల కాని మాల.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఆ మూడో పేరా తీసేయమంది. 2022లో ఇదే విషయం చూడటానికి జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబర్‌లో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, నమ్మకం ఒకటై ఉండి రిజర్వేషన్ కోసం మతం ఇంకొకటని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. ఆ తీర్పు వార్త ఆఫీసు క్యాంటీన్లో ఫోన్‌లో చదివాను. ఎదురుగా కూర్చున్న అతను కూడా అదే చదువుతూ, “వీళ్లకి రెండు వైపులా కావాలి బాస్” అన్నాడు. నేను చపాతీ తుంచుకున్నాను. వీళ్లెవరో అతనికి తెలీదు, వాళ్లలో ఒకడు ఉప్పు అందిస్తున్నాడనీ తెలీదు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. కౌన్సెలింగ్ నాటి సంగతి మా మధ్య మొదటిసారి ఎత్తాను. మనం చేసింది తప్పు కాదా అని అడిగాను. ఆయన కాసేపు ఊరుకుని, “నేను అబద్ధం రాయలేదురా. కులం రాశాను. కులం అబద్ధమా?” అన్నాడు. “మీ తాత బాప్తిస్మం తీసుకున్నాడు కదా అని ఎవరన్నా మనల్ని వాడలోంచి ఊళ్లోకి రానిచ్చారా? హోటల్లో గ్లాసు మారిందా? దేవుడు మారాడు, వాడ మారలే. ఆ బల్ల మీదాయన దేవుణ్ణి అడిగాడు. నేను వాడకి జవాబు చెప్పాను.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆయన మాట నిజం. నేను “కాదు సార్” అనడం కూడా నిజం. ఆయన కాగితం గురించి మాట్లాడుతున్నాడు, నేను నా నోటి గురించి మాట్లాడుతున్నాను. ఉత్తర్వు అన్యాయమైనదైతే దాని ముందు చెప్పిన అబద్ధం న్యాయమవుతుందా? అవుతుందని వాదించగలను, నా చదువు అందుకు పనికొస్తుంది. వాదించాక నిద్ర పట్టదు, అంతే తేడా. నోరు ఔనంటే ఔను, కాదంటే కాదు అయి ఉండాలని కొండమీది ప్రసంగంలో చెప్పిన మాట ఎన్ని వందలసార్లు నాయనమ్మకి చదివి వినిపించానో. మా వాడలో దీనికి పిల్లలు కొత్త దారి కనిపెట్టారు. బాప్తిస్మం వాయిదా వేస్తారు. సర్టిఫికెట్ వచ్చాక, సీటు వచ్చాక, ఉద్యోగం వచ్చాక అంటారు. నవ్వొస్తుంది గానీ రోము చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కూడా చావు ముందు 337లో గానీ బాప్తిస్మం తీసుకోలేదు. ఆయనకి రాజ్యం అడ్డమొచ్చింది, మా వాళ్లకి ఫీజు అడ్డమొస్తుంది.

నాయనమ్మకి ఒక అలవాటుండేది. పడుకోబోయే ముందు ప్రార్థన చేసేటప్పుడు కుడి చేయి నెత్తిన పెట్టుకునేది. కళ్లు మూసుకుని, చేయి నెత్తి మీద ఆనించి, పెదాలు కదిలించేది. తలనొప్పేమో అనుకునేవాణ్ణి. వాళ్లమ్మ అలాగే చేసేదట, ఎందుకో ఆమెకీ సరిగా తెలియదు. ఆమె పోయిన చాలా ఏళ్లకి దోర్నకల్ బిషప్ అజరయ్య గురించి చదువుతుంటే ఆ చేయి మళ్లీ కనిపించింది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళుడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే పోయాడు. ఖమ్మం వైపు ఊళ్లు ఆయన డయాసిస్‌లోవే. ఆయన కొత్తగా బాప్తిస్మం తీసుకున్న కూలి జనంతో నెత్తిన చేయి పెట్టించి, నేను క్రైస్తవుణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పైకి పలికించేవాడట. పౌలు కొరింథీయులకి రాసిన మాట అది. చదవడం ఆపి చాలాసేపు కూర్చున్నాను. మా ముత్తవ్వ తరం వాళ్లు, పటేలు ఎదురైతే చెప్పులు చేతిలోకి తీసుకునే మనుషులు, నెత్తిన చేయి పెట్టుకుని పైకి ‘నేను’ అనడం నేర్చుకున్న చోటు అదన్నమాట. అది దేవుడికి చెప్పే మాటే కాదు, ఊరికి చెప్పే మాట కూడా. మూడు తరాలు తిరిగేసరికి ఆ చేయి మిగిలింది, మాట గొంతులోకి పోయింది. నాలుగో తరం వాడినైన నేను మెట్ల దగ్గరికి పోయి “చెప్పండి” అంటున్నాను.

పేతురు కథ నేను చాలాకాలం పిరికితనం గురించిన కథగానే చదివాను. మా ప్రసంగాల్లోనూ అలాగే చెప్తారు. ఒక ప్రశ్న ఎందుకో ఎప్పుడూ వేసుకోలేదు. ఆ రాత్రి ముంగిట్లో ఉన్న శిష్యులు ఒకరో ఇద్దరో. అయినా ఈ సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. అంటే పేతురే చెప్పుకుని ఉండాలి. సంఘానికి పెద్ద అయ్యాక, దాచిపెట్టగలిగిన స్థితిలో ఉండి కూడా, నేను కాదన్నాను అని పదే పదే చెప్పి ఉండాలి. పిరికివాడి కథ పిరికివాడే చెప్పడం మొదలుపెడితే అది పిరికితనం గురించిన కథగా మిగలదు.

ఇంకో సంగతి మూలభాష పక్కన పెట్టుకుని చదివినప్పుడు కనిపించింది. యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో పేతురు చలి కాచుకున్న చోట మన తెలుగు బైబిల్లో ‘మంట’ ఉంటుంది. ఇరవై ఒకటో అధ్యాయంలో, తిరిగి లేచిన యేసు సముద్రం ఒడ్డున శిష్యుల కోసం చేపలు కాల్చే చోట ‘నిప్పులు’ ఉంటాయి. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, అంత్రకియా. బొగ్గుల కుంపటి. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండు చోట్లే వస్తుంది. అనువాదంలో ఆ ముడి ఊడిపోయింది. మొదటి కుంపటి దగ్గర మూడుసార్లు కాదన్నవాణ్ణి రెండో కుంపటి దగ్గర కూర్చోబెట్టి, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడుగుతాడు. ఎందుకు కాదన్నావు అని ఒక్కసారి కూడా అడగడు.

నాయనమ్మకి గ్రీకు తెలీదు, కుంపటి తెలుసు. నేను ఇంజనీరింగ్‌లో చేరి మొదటి సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు ఈ అధ్యాయమే చదవమంది. కౌన్సెలింగ్ దగ్గర ఏం జరిగిందో ఆమెకి తెలుసో లేదో నాకిప్పటికీ తెలీదు. మా ఇంట్లో గోడలు పల్చన, నాన్న గొంతు పెద్దది. తెలిసే ఉంటుంది. చదవడం అయ్యాక అంది, “చూశావా, ముందు తినమన్నాడు. అడగాల్సింది తిన్నాకనే అడిగాడు. ఆకలి మీదున్నోణ్ణి అడిగితే నిజం చెప్తాడా బిడ్డా?”

అప్పుడు ముసలావిడ మాట అనుకుని నవ్వాను. ఈ మూడు రాత్రులూ అదే మాట ఫారం పక్కన కూర్చుంది. ఆ బల్ల వెనకాయన నన్ను ఆకలి మీద అడిగాడు. ఉత్తర్వు మా వాడని డెబ్బై ఏళ్లకి పైగా ఆకలి మీదే అడుగుతోంది. నాన్న చెప్పిన జవాబు ఆకలి చెప్పిన జవాబు. ఆయన్ని నేను నిలదీయలేను, దేవుడు నిలదీస్తాడనీ అనుకోను. కానీ ఆ మాటకి రెండో కొస ఉంది, అది నా వైపు తిరిగి ఉంది. నేను తిన్నాను. పదకొండేళ్లుగా తింటున్నాను. ఇప్పుడు అడిగితే ఏం చెప్తావు అన్నది నాయనమ్మ వదిలి వెళ్లిన ప్రశ్న.

ఇందులో గొప్పేమీ లేదని కూడా ఒప్పుకోవాలి. ఈ రోజు నిజం రాయడానికి అయ్యే ఖర్చు నేను భరించగలను. ఆ స్తోమత నాకిచ్చింది ఆ రోజు చెప్పిన అబద్ధమే. ఏన్కూరులో మా అన్న కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వచ్చే ఏడు వాడూ అలాంటి బల్ల ముందే నిలబడతాడు. ఎస్సీల వాటాకీ ఒక శాతానికీ మధ్య తేడా వాడికి లెక్కల పాఠం కాదు. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని వాడికి పేతురు కథ చెప్తే మా అన్న ఫోన్ పెట్టేస్తాడు, పెట్టేయాలి కూడా. సముద్రం ఒడ్డున మూడుసార్లు అడిగిన తర్వాత యేసు పేతురుకి ఇచ్చిన పని, పోయి అందరి ముందూ ఒప్పుకో అని కాదు. నా గొర్రెల్ని మేపు అన్నాడు. ఒప్పుకోవడం పేతురు తనంతట తాను చేసుకున్న పని. కాబట్టి వాడి కాలేజీ ఫీజు నేను కడతానని అన్నకి చెప్పాను, వాడు ఏ గడిలో ఏం రాసినా సరే. వాడికి రెండో దారి ఉందని తెలిస్తే చాలు. దారి ఏదో వాడే చూసుకుంటాడు.

నిన్న రాత్రి ఫారం పంపాను. మతం దగ్గర క్రైస్తవం, కులం దగ్గర బీసీ-సి. నా భార్య పక్కనే కూర్చుని చూసింది. “పేరు కూడా ఒకటే కదా దీనికి?” అంది. ఒకటే. పాపకి చర్చిలోనూ బడిలోనూ ఒకటే పేరు, అది మా నాయనమ్మ పేరు. ఈ వ్యాసం అచ్చు వేయడం తెలివైన పని కాదని చదివిన స్నేహితుడు అన్నాడు. కావచ్చు.

ఈ మధ్యాహ్నం సీట్లో ఉండగా పాస్టర్ గారి ఫోన్ వచ్చింది. అలవాటుగా సగం లేచాను, మళ్లీ కూర్చున్నాను. “వందనాలండీ” అన్నాను. గొంతు కొంచెం వణికింది. పక్క సీటతను ఒకసారి తల తిప్పి చూసి, మళ్లీ తన స్క్రీన్‌లోకి పోయాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. పాస్టర్ గారు ఊళ్లో మిరప ధర, నాన్న మోకాళ్ల నొప్పి, వచ్చే నెల సంఘ కూడిక సంగతులు చెప్పి, ఇదిగో నాన్న ఇక్కడే ఉన్నాడంటూ ఫోన్ ఆయనకిచ్చారు. ఫారం సంగతి చెప్దామని నోరు తెరిచాను. నాన్న ఎప్పుడూ మొదట అడిగేదే అడిగాడు.

“తిన్నావా?”